ఊరుకోమన్నది ఎవరు?

మా అత్తయ్యకు ‘ఊరుకో’ అన్నది ఊతపదం. పసిపిల్లలు ఏడిస్తే ఊరుకో అంటుంది. ఎవరైనా పగలబడి నవ్వితే ఊరుకో అంటుంది. పొగిడితే సిగ్గుపడిపోయి ‘ఊరుకోండి బాబూ’ అంటుంది. పాలు పొంగుతుంటే పొయ్యి దగ్గరికి పరుగెత్తుతూ పాలతో కూడా ‘ఊరుకో, ఊరుకో’ అంటుంది. పాలు ఏనాడూ వినలేదు. మా ఆవిడ మాత్రం పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది.

మా ఆవిడది పదునైన నోరు. మెట్ల మీద చెత్తసంచి వదిలేసి పోయే పై అంతస్తు వాళ్ళనీ, మంచివి ముందు పేర్చి పుచ్చువి వెనక నుంచి తూచే కూరగాయల కొట్టాయననీ, నీళ్ళు తాగడానికి లేచినా గడియారం చూసే సూపర్‌వైజర్నీ, ఎవరినీ వదలదు. ఆమె నోరు తెరిచిందంటే చాలు, అత్తయ్య ఎక్కడున్నా వచ్చి వెనక నుంచి కూతురి భుజం మీద చెయ్యి వేస్తుంది. “ఊరుకోవే.” మాట సగంలో ఆగిపోతుంది. కోపం చల్లారి కాదు. కోపం అక్కడే ఉంటుంది, కళ్ళలో కనబడుతూనే ఉంటుంది. ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ నోరు మాత్రం కదలదు.

ఇలాంటి చెయ్యి ఒకటి మనిషి ఒంటి లోపల కూడా ఉంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మేమిద్దరం బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. ఆమె చొక్కాలకు కాలర్లు కుడుతుంది, నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. ఇంట్లో మేమిద్దరం, అత్తయ్య. రెండు గదులు. ముందు గదిలో ఓ మూల చిన్న పీట మీద దీపం పెట్టుకున్నాం. పనికి వెళ్ళేముందు కాసేపు అక్కడ కూర్చోకపోతే నాకు రోజు మొదలైనట్టుండదు. మా ఆవిడకు దేవుడి మీద నమ్మకం ఉంది గానీ కూర్చునే ఓపిక లేదు. “మీరు కూర్చుంటున్నారుగా, నా తరఫున కూడా చెప్పండి” అంటుంది.

ఫ్యాక్టరీలో అందరికీ రక్తపరీక్షలు చేసినప్పుడు ఆమె రక్తంలో కాలేయాన్ని పట్టుకునే వైరస్ ఉందని తేలింది. పెద్దాసుపత్రికి వెళ్తే, అది నిన్న మొన్న వచ్చింది కాదు, పుట్టినప్పుడే వచ్చిందన్నారు. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు అంటుకుంటుందట. అత్తయ్యకూ పరీక్ష చేశారు. ఆమెలోనూ ఉంది, కానీ ఆమెను అది ఏమీ చేయలేదు. నాకు లేదన్నారు, టీకా వేసి పంపించారు. స్కానింగు మాత్రం మా ఆవిడకే చేశారు. కాలేయంలో క్యాన్సర్ గడ్డ కనబడింది. పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది కాబట్టి కోసి తీయడానికి వీల్లేదన్నారు.

వైరస్ పెరగకుండా రోజూ వేసుకునే మాత్ర మొదలుపెట్టారు. గడ్డ సంగతి చెప్పడానికి మా ముగ్గురినీ ఓ డాక్టరమ్మ తన గదిలో కూర్చోబెట్టుకుంది. వయసులో చిన్నది. కళ్ళజోడు తలమీదకు తోసుకుని, అది ఎక్కడుందో వెతుక్కునే రకం. మంచి మనిషని చూడగానే అనిపించింది.

“మన ఒంట్లో టీ కణాలని ఉంటాయి” అంటూ మొదలుపెట్టింది.

అత్తయ్యకు వినికిడి కొంచెం తక్కువ. ముందుకు వంగి, “టీలో ఉంటాయా అమ్మా?” అంది.

“కాదు మామ్మగారూ, వాటి పేరే టీ కణాలు. వైరస్ పట్టిన కణాల్ని వెతికి చంపేస్తాయి.”

అత్తయ్య అర్థమైనట్టే తల ఊపింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో టీ కాచడం రెట్టింపయింది.

“మీలోనూ ఆ కణాలున్నాయి” అంది డాక్టరమ్మ మా ఆవిడ వైపు తిరిగి. “కానీ ఇన్నేళ్ళుగా వైరస్ ఎదురుగా ఉండడంతో వాటి మీద నిరోధక గ్రాహకాలు పేరుకుపోయాయి. దాంతో పని మానేశాయి. ఇప్పుడు మేం సెలైన్‌లో ఎక్కించే మందు ఆ నిరోధకాల్ని అడ్డుకుంటుంది. మీ కాలేయం ప్రస్తుతానికి బాగానే పనిచేస్తోంది. అది దెబ్బతిన్నాక అయితే ఈ మందు ఇవ్వలేం. ఇంట్లో ఆలోచించుకోండి, కానీ ఎక్కువ ఆలస్యం చేయకండి.”

ఇంతలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయింది.

బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అలా ఉందంటే లోపల ఏదో పెద్దది తయారవుతోందని నాకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పులు విప్పిందో లేదో మొదలుపెట్టింది.

“ఏమండీ, ఆవిడ ఏమందో విన్నారా?”

“విన్నాను.”

“మన క్యాంటీన్ గోడ మీద ఏం రాసుంది? రోజూ దానికెదురుగానే కూర్చుని తింటారుగా, చెప్పండి.”

“రోగనిరోధక శక్తిని పెంచుకోండి.”

“పెంచుకోండి! అంతంత అక్షరాలతో రాశారు. ఈవిడేమో ఒంట్లో ఉన్న నిరోధకాల్ని కూడా అడ్డుకుంటానంటోంది. ఉన్నవి చాలకే కదా నాకీ రోగం? అవి కూడా లేకుండా చేస్తే ఇంక నేనెందుకు, ఆ గడ్డనే ఉంచుకోండి మీరు.”

“ఊరుకోవే” అంది అత్తయ్య. “డాక్టర్లని అలా అనకూడదు.”

“నువ్వు ఊరుకోమ్మా. నీకేం తెలుసు, వెళ్ళి టీ కాచుకో.”

“కాచాను. తాగు. కణాలకు మంచిది.”

మా ఆవిడ నావైపు చూసింది. నవ్వాలో అరవాలో తెలియని చూపు. చివరికి టీ తీసుకుంది.

నేను చదివింది పదో తరగతి. నిరోధం అంటే ఆపడం అని తెలుసు. నిరోధకం అంటే ఆపేది. రోగాన్ని ఆపేదాన్ని పట్టుకుని ఆపడమేమిటో నాకూ అర్థం కాలేదు. ఆవిడ పెద్ద చదువులు చదివింది, తెలియకుండా చెప్పదు. మా ఆవిడ అడిగిందీ తప్పు కాదు. నాకు అర్థం కాని చోట నేను చేసే పని ఒకటే. మర్నాటి నుంచి వారం రోజులు దీపం ముందు కూర్చుని, “స్వామీ, ఆమెలో నిరోధకం ఎంత ఉందో అంతా అలాగే ఉండనీ, వీలైతే ఇంకాస్త పెంచు” అని వేడుకున్నాను.

మా ఆవిడ ఆసుపత్రికి ఇంక రానని తేల్చేసింది. ఎలా నచ్చజెప్పాలో, అసలు నచ్చజెప్పాలో వద్దో కూడా తెలియలేదు. ఆ మాట డాక్టరమ్మకైనా చెప్పి రావాలి కదా, మనకోసం అంతసేపు కూర్చుంది. అందుకని ఒక పూట సెలవు పెట్టి ఒక్కణ్ణే వెళ్ళాను.

“మా ఆవిడ వద్దంటోందమ్మా.”

“భయపడుతున్నారా?”

“భయం కాదమ్మా. ఊళ్ళో వాళ్ళందరూ నిరోధకం పెంచుకోమంటుంటే, మీరొక్కరే అడ్డుకుంటానంటున్నారేమిటని.”

 డాక్టరమ్మ తలమీది కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, రెండు చేతులతో ముఖం రుద్దుకుంది.

“అయ్యో రామా! ఆ మాట వాడకుండా ఉండాల్సింది నేను. రోగనిరోధకం అంటే రోగాన్ని ఆపేది. నేను చెప్పిన నిరోధకం, ఆ ఆపేవాళ్ళని ఆపేది. ఒకే మాట అటూ వెళ్ళి నిలబడింది, ఇటూ వచ్చి నిలబడింది. మాకు అలవాటైపోయి వినబడదు.”

“ఆపేవాళ్ళని ఆపేది ఒంట్లో ఎందుకుంటుందమ్మా? ఆ వైరస్ తెచ్చి పెడుతుందా?”

“కాదు. మన ఒళ్ళు పెట్టుకున్నదే. అందరికీ పుట్టుకతోనే ఉండే ఏర్పాటు.”

“అంటే దేవుడు పెట్టిందే.”

“అది మీకే బాగా తెలియాలి” అని నవ్వింది. “ఎందుకు పెట్టాడో మాత్రం నేను చెప్పగలను. ఈ కణాలు వైరస్‌ని విడిగా పట్టుకోలేవు. వైరస్ దాక్కున్న కాలేయ కణాన్నే చంపుతాయి. కాలేయమంతా వైరస్ ఉందనుకోండి. ఇవి ఆగకుండా చంపుకుంటూ పోతే?”

“కాలేయమే మిగలదు.”

“అదీ సంగతి. మామూలు జ్వరం వచ్చినా ఈ కణాలు లేవగానే వాటి మీద ఈ గ్రాహకాలు, అంటే ఆగమనే మాటను అందుకునే కొక్కేల్లాంటివి, కూడా వస్తాయి. మరీ రెచ్చిపోకుండా. వైరస్ పోయాక ఇవీ తగ్గిపోతాయి. కణాలు నెమ్మదించి, ఆ వైరస్‌ని గుర్తుపెట్టుకుని కూర్చుంటాయి. మీ ఆవిడలో ఆ వైరస్ పోలేదు. ప్రతిరోజూ కళ్ళెదుటే ఉంది. అందుకని గ్రాహకాలు తగ్గలేదు సరికదా, ఒకదాని పక్కన ఇంకో రకం వచ్చి చేరింది. చివరికి కణాలు వైరస్‌ని చూస్తూ కూడా ఏమీ చేయవు.”

“చచ్చిపోయాయా?”

“లేదు. ఉన్నాయి. అలసిపోయాయంటాం మేం.”

నాకు మా ఇంటి మెట్లు గుర్తొచ్చాయి. మెట్ల మీద చెత్తసంచి, తలుపు దగ్గర మా ఆవిడ, ఆమె భుజం మీద అత్తయ్య చెయ్యి.

“ఎవరో వాటి భుజం మీద చెయ్యేసి ఊరుకో, ఊరుకో అంటున్నట్టు” అన్నాను.

“సరిగ్గా అంతే.”

“మరి మీ మందు ఆ చెయ్యి తీసేస్తుందా?”

“చెయ్యి భుజానికి తగలకుండా మధ్యలో అడ్డుపడుతుంది. అప్పుడు కొన్ని కణాలు మళ్ళీ లేస్తాయి. మరీ అలసిపోయినవి లేవకపోవచ్చు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చేయదు. ముందుగా చెప్పలేం. ఒక్కోసారి లేచినవి హద్దు దాటి పేగునో, చర్మాన్నో, కాలేయాన్నో కూడా పట్టుకుంటాయి. ఇదంతా ఆమెకు నేనే చెప్పాలి. ఒక్కసారి తీసుకురండి.”

తిరిగి వస్తూ దారిలో నాకు నా ప్రార్థన గుర్తొచ్చింది. ఇంకాస్త పెంచు స్వామీ, అని ఏది పెంచమన్నానో ఇప్పుడు తెలిసింది. నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. దేవుడు మన మాట పట్టుకోడు, మనసు పట్టుకుంటాడని నమ్మకం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ వారమంతా నేను చేసింది చాలా అన్యాయం.

మధ్యాహ్నం పనికి వెళ్ళేసరికి కాలర్ల లైనులో ఓ మిషన్ ఆగిపోయి ఉంది. కుట్టుమిషన్‌లో పై దారం రెండు చిన్న బిళ్ళల మధ్య నుంచి వెళ్తుంది. వాటిని మేం టెన్షన్ బిళ్ళలంటాం. దారాన్ని కాస్త పట్టి ఉంచడమే వాటి పని. కొత్తగా చేరినవాళ్ళు ఈ పట్టే బిళ్ళలు లేకపోతే దారం ఇంకా హాయిగా వస్తుంది కదా అనుకుంటారు. మరీ వదులు చేస్తే గుడ్డ కింద దారమంతా ఉండలు కట్టి కుట్టే పడదు. మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుపోయి దారం తెగుతుంది. మిషన్‌కి టెన్షన్ ఉండాలి, మనుషులకే ఉండకూడదని మా లైనులో పాత జోకు. ఆ రోజు ఆ బిళ్ళల మరను తిప్పుతూ, పట్టడం ఎక్కడివరకు మంచిది, ఎక్కడ నుంచి చెడ్డది అని ఆలోచించాను. గుడ్డను చూసి తప్ప చెప్పలేం. పల్చటి గుడ్డకు ఒకలా, మందపు గుడ్డకు ఇంకోలా.

సాయంత్రం మా ఆవిడ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అత్తయ్య గుమ్మంలో కూర్చుని టీ తాగుతోంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. గ్రాహకాలన్న మాట ఎత్తలేదు, నిరోధకమన్న మాట అసలే ఎత్తలేదు. “నీ ఒంట్లో ఆ వైరస్ మీద తిరగబడే కణాలున్నాయట. వాటిని ఎవరో ‘ఊరుకోవే’ అంటున్నారట” అన్నాను.

మా ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి వాళ్ళమ్మను చూసింది.

“నన్నెందుకే అలా చూస్తావ్?” అంది అత్తయ్య.

“ఏం లేదమ్మా. నువ్వు లోపల కూడా ఉన్నావట.”

తర్వాత చాలాసేపు మడతలు పెట్టింది. పెట్టినవే విప్పి మళ్ళీ పెట్టింది.

“ఏమండీ, నా కాలేయం ఇన్నేళ్ళు మిగిలింది ఆ ఊరుకో వల్లేనా?”

“అలాగే చెప్పింది.”

“మరి నన్ను ఇన్నాళ్ళు కాచిన చేతిని తీసేయమని మీరెలా అంటున్నారు?”

 మొన్నటి వరకూ మాట తప్పుగా అర్థమై వద్దంది. ఇప్పుడు సరిగ్గా అర్థమై వద్దంటోంది. ఇది మొదటిదానికన్నా కష్టం.

అత్తయ్య గ్లాసు కింద పెట్టింది. ఆమె ఎంత విన్నదో ఎంత వినలేదో తెలియదు. “నీ నోటికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని అనేదాన్నే. పనిలోంచి తీసేస్తారేమో, ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని. వేరే ఏం లేదు.” చీర చెంగు నలుపుతూ, “ఆ జబ్బు కూడా నా నుంచే వచ్చిందట కదా. నాకెవరూ సరిగ్గా చెప్పలేదు గానీ, నాకు వినబడింది. ఇవ్వాల్సినవి ఏవీ ఇవ్వలేకపోయాను, ఇది మాత్రం...” అంటూ ఆ చెంగే కళ్ళకు ఒత్తుకుంది.

మా ఆవిడ బట్టలన్నీ పక్కకు తోసి లేచి వెళ్ళి, గుమ్మంలో తల్లి పక్కన కూర్చుని, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“ఊరుకోమ్మా” అంది. “ఊరుకో. నీకు మాత్రం తెలుసా ఏమిటి?”

ఆ మాట ఆమె నోట అలా వినడం నాకు అదే మొదటిసారి. ఒకే మాట. నోరు మూయించడానికీ అదే, కన్నీళ్ళు తుడవడానికీ అదే. ఎవరు అంటున్నారు, ఎందుకంటున్నారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. మర్నాడు దీపం ముందు కూర్చుని, “స్వామీ, నువ్వు అప్పుడప్పుడు నాతో కూడా ఊరుకోమంటావు. అది నిజంగా నీ మాటేనా, నా పిరికితనమా, ఎలా తెలుసుకోను?” అని అడిగాను. జవాబు రాలేదు. రాకపోవడం మీద నాకు ఫిర్యాదు లేదు.

నన్నడిగిన ప్రశ్నే డాక్టరమ్మనూ అడుగుతానని చెప్పి మా ఆవిడ ఆసుపత్రికి వచ్చింది. వైద్యానికి ఒప్పుకుని కాదు, వాదించడానికి. అత్తయ్య కూడా బయల్దేరింది. ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని.

“ఇన్నేళ్ళు నన్ను బతికించిన చెయ్యి కదా డాక్టరమ్మా. దాన్ని తోసెయ్యడం పాపం కాదా?” అంది మా ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే.

డాక్టరమ్మ ఈసారి కళ్ళజోడు కళ్ళకే పెట్టుకుంది. “మీరన్నది నిజం. అది మిమ్మల్ని కాపాడింది. గడ్డ లేకపోతే నేను దాని జోలికే వెళ్ళేదాన్ని కాదు. వైరస్‌కి మాత్ర చాలు. కానీ మొన్న మీ ఆయనతో ఒక సంగతి చెప్పలేదు. గడ్డ కూడా ఆ మాట నేర్చుకుంది.”

“ఏ మాట?”

“ఊరుకో అనే మాట. కాలేయం తన్ను తాను కాపాడుకోవడానికి కణాలతో అనే మాటే, గడ్డ కూడా అంటుంది. దాన్ని చంపడానికి కణం దగ్గరికి రాగానే, అదే చెయ్యి తీసి దాని భుజం మీద వేస్తుంది.”

“మా అమ్మ గొంతుతోనా?”

“అచ్చం అదే గొంతు. కణానికి తేడా తెలియదు. పాపం, ఇంటివాళ్ళే అన్నారనుకుని ఆగిపోతుంది.”

 అత్తయ్య ఒకసారి నన్నూ ఒకసారి కూతుర్నీ చూసి, “ఏమంటోంది బాబూ?” అని నన్నడిగింది.

“గడ్డ మీలాగా మాట్లాడుతోందట అత్తయ్యా.”

“దాని నోట్లో దుమ్ము పడ!” అంది అత్తయ్య. ఆమె నోట తిట్టు వినడం మాకిద్దరికీ అలవాటు లేదు. డాక్టరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. “మీ మందుకు ఆ తేడా తెలుసా? మా అమ్మ చెయ్యేదో, దాని చెయ్యేదో?”

“తెలియదు” అంది డాక్టరమ్మ. ఆ మాట అనడానికి ఆమె కొంచెం కూడా తడుముకోలేదు. “రెండిటినీ అడ్డుకుంటుంది. నా భయమూ అదే. అందుకే ప్రతిసారీ రక్తం చూస్తాం. హద్దు దాటుతున్నాయనిపిస్తే మందు ఆపి, వాటిని అణిచే వేరే మందు ఇస్తాం. అప్పుడు ఊరుకో అనాల్సింది మేమే.”

మా ఆవిడ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్ళు. నేను ఏదో అనబోయి ఆగాను. ఇది ఆమె కాలేయం.

“మా అమ్మ నన్ను ఆపింది నేను బతకాలని” అంది చివరికి. “అది ఆపుతున్నది అది బతకాలని. వేయండి డాక్టరమ్మా.”

మూడు వారాలకోసారి మందు ఎక్కించారు. వరసగా వాలుకుర్చీలుండే పెద్ద గది. కిటికీలోంచి ఆసుపత్రి వంటగది వెనక ఆరేసిన తువ్వాళ్ళు కనబడేవి. మా ఆవిడ అందులో పడుకుని నర్సుకు సూది ఎలా గుచ్చాలో సలహాలిచ్చేది. “మీ చెయ్యి వణుకుతోందమ్మా, మా మిషన్ సూదే నయం” అనేది. ఆ నర్సు కూడా తక్కువది కాదు. “మిషన్ దగ్గర గుడ్డ మాట్లాడదు కదక్కా, అదీ తేడా” అనేది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత ఒళ్ళంతా దురదలు. రెండోసారి ఎక్కించాక కళ్ళు పచ్చబడ్డాయి, అన్నం సయించలేదు. రక్తం చూసి డాక్టరమ్మ ఆసుపత్రిలో చేర్చుకుంది. కణాలు లేచాయి, కానీ కాలేయం మీద కూడా పడుతున్నాయంది. లేచినందుకు సంతోషించాలా, పడినందుకు ఏడవాలా? మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి వైరస్ విజృంభించలేదు, అది అదృష్టమంది. మందు ఆపి, అణిచే మందు మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో నాకు ఏమని ప్రార్థించాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ బలం ఇవ్వు, బలం ఇవ్వు అని అడిగేవాణ్ణి, అదొక్కటే కోరదగ్గదనుకుని. ఇప్పుడు బలం ఎక్కువైతేనే ప్రాణం మీదకొచ్చింది. తగ్గించమని అడుగుదామంటే గడ్డ గుర్తొచ్చేది. కొట్టే చేతినీ ఆపే చేతినీ ఒకే ఒంట్లో పెట్టినవాడికి రెండిటి లెక్కా తెలిసే ఉండాలి. ఆ ఒక్క సంగతి పట్టుకుని దీపం ముందు ఊరికే కూర్చునేవాణ్ణి. ప్రశ్న మాత్రం పోలేదు. తెలిసినవాడు ఆ గడ్డకు ఆ మాట ఎందుకు వినబడనిచ్చాడు? అది ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

అత్తయ్య ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, కూతురి కడుపు కుడివైపు, పక్కటెముకల కింద, దుప్పటి మీదుగా అరచెయ్యి ఆనించి ఉంచేది. కాలేయం ఎక్కడుంటుందో నర్సును అడిగి తెలుసుకుందట. పెదాలు కదిలేవి. ఏమంటోందో నేను అడగలేదు, అడగాల్సిన పనీ లేదు.

కళ్ళలో పచ్చదనం మెల్లగా తగ్గింది. కాలేయం కుదుటపడింది. రక్తం మళ్ళీ మళ్ళీ చూసి, ఆలోచించి, డాక్టరమ్మ మందు తిరిగి మొదలుపెట్టింది. ఈసారి కణాలు గీత దాటలేదు. ఆ తర్వాతి స్కానింగు బొమ్మను తెర మీద పెట్టి పాతదాన్ని పక్కన పెట్టింది. నాకు రెండూ ఒకేలాంటి బూడిదరంగు మబ్బుల్లా కనబడ్డాయి. ఆమె వేలు పెట్టి చూపించాక తెలిసింది. గడ్డ చిన్నదైంది. పోలేదు. రక్తనాళానికీ దానికీ మధ్య సన్నటి సందు కనబడుతోంది.

“నయమైపోయిందని అనను” అంది డాక్టరమ్మ. “కానీ ఇప్పుడు దాని మాట ఎవరూ వినడం లేదు.”

మా ఆవిడ తెరవైపే చూస్తూ, “ఎంత కాలం వినవు?” అంది.

“చూద్దాం. చూస్తూనే ఉందాం.”

అది చాలదని నాకు తెలుసు. అయినా ఆ పూటకు మేం ముగ్గురం అది పట్టుకుని ఇంటికొచ్చాం.

మెట్లెక్కుతుంటే పై అంతస్తు వాళ్ళ చెత్తసంచి మా గుమ్మానికి ఎదురుగా ఉంది. అడుగున చినిగి, ఏదో కారి, మెట్టు మెట్టుకూ దిగింది. మా ఆవిడ సంచిని చూసింది. తన చేతిలోని ఆసుపత్రి సంచీ నాకిచ్చింది. తల పైకెత్తింది. ఇన్ని నెలలుగా ఆమెలో ఆ చూపు చూడలేదు.

“ఏవండోయ్ పైవాళ్ళూ! మెట్లు మీ ఒక్కరివే అనుకున్నారా?”

నా వెనక వస్తున్న అత్తయ్య ఆయాసపడుతూ రెండు మెట్లు గబగబా ఎక్కింది. చెయ్యి లేచింది. కూతురి భుజం దాకా వెళ్ళింది. ఎప్పటిలాగే భుజం మీద వాలింది కూడా. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను.

అత్తయ్య పెదాలు తడుపుకుంది. “అనవే” అంది. “అను. కాకపోతే కాస్త మెల్లగా అను. నీకు ఆయాసం వస్తుంది.”

మా ఆవిడ వెనక్కి తిరిగి తల్లిని చూసింది. తర్వాత పైకి చూసి, గొంతు కొంచెం తగ్గించి, చెప్పాల్సిందంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. అంతసేపూ ఆ చెయ్యి ఆమె భుజం మీదే ఉంది.

సాయంత్రానికి మెట్లు కడిగి ఉన్నాయి.